కోవిడ్ భయం: ఆక్సీమీటర్ ఎప్పుడు తీయాలి, ఎప్పుడు బీరువాలో పెట్టాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. 2021 మేలో మీ మామగారికి ఆక్సిజన్ పడిపోయింది. బెడ్ కోసం రాత్రంతా తిరిగారు. చివరికి ఆయన క్షేమంగా ఇంటికొచ్చారు. ఇప్పుడు కేసులు పెరుగుతున్నాయని టీవీలో స్క్రోలింగ్ కనబడితే చాలు, మీకు గుండెదడ, అరచేతుల్లో చెమట. ఇంట్లో ఎవరు దగ్గినా ఆక్సీమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం) తీస్తున్నారు, రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. కూరగాయలు సర్ఫు నీళ్ళలో కడుగుతున్నారు. ఆసుపత్రి వైపు వెళ్ళాలంటే కాళ్ళు ఆడవు. అందరూ "ధైర్యంగా ఉండు" అంటున్నారు, ఆ ధైర్యం ఎక్కడ దొరుకుతుందో చెప్పమన్నారు.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. ఆ ఏడాది మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై, ఆక్సిజన్ ప్రెషర్ తగ్గి 11 మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. అలాంటి రోజుల్లో బెడ్ కోసం తిరిగిన మనిషికి మళ్ళీ ఆ వార్త వింటే ఒళ్ళు జలదరించడం మామూలే. కరోనా మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచమంతటా సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. భయం పోయాకే ధైర్యం వస్తుందని కూర్చుంటే ఆ రోజు రాదు. భయం ఉండగానే చేయాల్సిన పని చేయడం, అది అయ్యాక మామూలు స్థితికి రావడం మాత్రం నేర్చుకుంటే వస్తాయి. మానసిక దృఢత్వం అని డాక్టర్లు అనేది దీన్నే.

మీ విషయంలో మొదట ఆక్సీమీటర్ సంగతి తేల్చుకోవాలి. దాన్ని పారేయమని అనను. గడియారం చూసి కొలవండి, భయం వేసినప్పుడు కొలవొద్దు. ఎందుకంటే కోవిడ్‌లో ఒంటికి తెలిసేదీ, మీటర్ చూపించేదీ చాలాసార్లు వేరు వేరు దారుల్లో పోతాయి. రెండో వేవ్‌లో అంకె 85కి పడిపోయినా ఫోన్లో మామూలుగా మాట్లాడిన పేషెంట్లు ఉన్నారు. ఆయాసం లేదు కదా అని కొలవకుండా ఊరుకున్నవాళ్ళు ఆలస్యంగా ఆసుపత్రికి చేరారు. మరోవైపు పానిక్ అటాక్‌లో ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, అంకె చూస్తే 98. అంటే భయాన్ని నమ్ముకుని కొలిచేవాళ్ళు కొలవాల్సిన వేళ వదిలేస్తారు, అక్కర్లేని వేళ పది సార్లు కొలుస్తారు.

ఇంట్లో ఎవరికీ జ్వరం, దగ్గు లేకపోతే మీటర్ బీరువాలోనే ఉండాలి. బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి. కోవిడ్ అని తేలినా, గట్టి అనుమానం ఉన్నా ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు కొలిచి కాగితం మీద రాయండి. వయసు 60 దాటినవారికి, షుగర్, బీపీ, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి పడుకునే ముందు ఇంకొకసారి. టైం కాకుండా కొలవాల్సిన సందర్భాలు కొన్నే: నాలుగడుగులు వేస్తే ఆయాసం, పూర్తి వాక్యం మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మత్తుగా ఉండి పొంతన లేకుండా మాట్లాడడం. అసలు ఇవి కనబడ్డాయంటే అంకె ఎంతున్నా డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. గట్టి ఆయాసం, నీలం పెదవులు, మత్తు అయితే నేరుగా 108కి.

కొలవడంలో జరిగే పొరపాట్లే సగం భయానికి కారణం. మీటర్‌లో రెండు అంకెలు ఉంటాయి. ఎస్‌పీఓ2 అని ఉన్నది ఆక్సిజన్, పీఆర్ లేదా గుండె బొమ్మ పక్కన ఉన్నది నాడి. నాడి 88 అని ఉంటే దాన్నే ఆక్సిజన్ అనుకుని అర్ధరాత్రి అందరినీ లేపిన ఇళ్ళు తక్కువేం కాదు. మీటర్ తిప్పి పట్టుకుంటే అంకెల చోటు కూడా మారిపోతుంది. నెయిల్ పాలిష్, ముదురు గోరింటాకు ఉన్న వేలు వద్దు. ఏసీ గదిలో చల్లబడిన వేలు తక్కువ చూపిస్తుంది కాబట్టి ముందు చేతులు రుద్దుకోండి. 5 నిమిషాలు కదలకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి, చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టండి. పెట్టగానే వచ్చే అంకెను పట్టించుకోవద్దు. అర నిమిషం నుంచి నిమిషం వరకు ఆగి, నిలకడగా నిలిచినదాన్ని రాయండి. ఇంట్లో వాడే మీటర్లలో 2 పాయింట్ల తేడా సహజం, 97 గంటలో 95 అయితే పడిపోయినట్టు కాదు. చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్ళకు ఒక్కోసారి అసలు కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, అందుకే కింద చెప్పబోయే 94 గీతను తేలిగ్గా తీసుకోకూడదు.

మన దేశంలో కోవిడ్ చికిత్స మార్గదర్శకాలు పెట్టిన హద్దులు ఇవి. 94, అంతకు మించి ఉంటే ఇంట్లో ఉండొచ్చు. 90 నుంచి 93 మధ్య ఉన్నా, నిమిషానికి ఊపిరి 24 సార్లో, అంతకు మించో ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి. 90 కంటే తక్కువ, లేదా ఊపిరి 30 దాటితే అత్యవసరం. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు పేషెంట్‌కి చెప్పకండి, తెలిస్తే వేగం మారుతుంది. ఛాతీ కదలిక చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది.

ఇక పానిక్ అటాక్‌ని పోల్చుకోవడం. ఉన్నట్టుండి మొదలై పది నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది, అరగంటలో చాలావరకు దిగిపోతుంది. వేళ్ళ కొసలు, పెదవుల చుట్టూ తిమ్మిరి, పదే పదే ఆవలింతలు, నిట్టూర్పులు, ఊపిరి లోపలికి చాలడం లేదన్న భావన. ఇదంతా వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వచ్చేది, ఆక్సిజన్ తక్కువై కాదు. అందుకే ఆ సమయంలో పక్కవాళ్ళు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే ఇంకా ముదురుతుంది. చేయాల్సింది ఊపిరి నెమ్మదిగా వదలడం. బొడ్డు మీద ఒక చేయి, ఛాతీ మీద ఒక చేయి పెట్టుకుని, ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంత సేపు మామూలుగా పీల్చి, 6 అంకెల సేపు వదలండి. నిమిషానికి ఆరు ఊపిర్లు, ఐదు నిమిషాలు. పై చేయి కదులుతూ బొడ్డు మీద చేయి కదలకపోతే ఛాతీతో పీలుస్తున్నట్టు. దీన్ని బాగున్న రోజుల్లో ఉదయం, సాయంత్రం చేస్తేనే అటాక్ వచ్చినప్పుడు పనికొస్తుంది. అటాక్ మధ్యలో మొదటిసారి ప్రయత్నించి "నాకు పనిచేయలేదు" అనేవాళ్ళే ఎక్కువ. కాగితం సంచిలో ఊపిరి తీయడం అనే పాత చిట్కా జోలికి వెళ్ళొద్దు, నిజంగా ఆక్సిజన్ తక్కువ ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. ఇంకొకటి. 40 దాటినవారికి, షుగర్, బీపీ ఉన్నవారికి ఛాతీనొప్పి మొదటిసారి వస్తే పానిక్ అని మీకు మీరే తేల్చుకోకండి, ఈసీజీ తీయించాకే ఆ మాట.

మరి రోజుకు లెక్కలేనన్నిసార్లు కొలిచే అలవాటు ఎలా తగ్గుతుంది? మూడు రోజులు ఏమీ మార్చకండి. కొలిచిన ప్రతిసారీ క్యాలెండర్ మీద ఒక గీత పెట్టండి, అంతే. గీతలు పెట్టడం మొదలుపెట్టగానే చాలామందికి సంఖ్య దానంతటదే కాస్త తగ్గుతుంది. నాలుగో రోజు నుంచి ఆపొద్దు, ఆలస్యం చేయండి. కొలవాలనిపించగానే 10 నిమిషాల టైమర్ పెట్టి వేరే పనిలోకి వెళ్ళండి. మోగాక ఇంకా కొలవాలనే ఉంటే కొలవండి. రెండు మూడు రోజులకోసారి దాన్ని 20, 40 నిమిషాలు చేయండి. కొలిచినప్పుడల్లా మనసుకు కాస్త ఊరట దొరుకుతుంది, ఆ ఊరట పావుగంటలో కరిగిపోతుంది, "కొలిచాను కాబట్టే ఏమీ కాలేదు" అన్న నమ్మకం మాత్రం మిగులుతుంది. ఆలస్యం చేసినప్పుడు, కొలవకపోయినా ఆ తహతహ తనంతట తానే దిగిపోవడం మెదడు చూస్తుంది. మందు అదే. మొదటి వారం ఆందోళన పెరుగుతుంది. ఆ వారంలోనే చాలామంది ఇది పనికిరాదని వదిలేస్తారు.

ఇక్కడ దారి తప్పే చోటు ఇంకొకటుంది. మీటర్ మానేసి థర్మామీటర్ పట్టుకుంటారు. అదీ మానేసి గూగుల్లో లక్షణాలు వెతుకుతారు. లేదంటే భర్తను "నా ఒళ్ళు వేడిగా ఉందేమో చూడండి" అని గంటకోసారి అడుగుతారు. ఆ అడగడం కూడా కొలవడమే, క్యాలెండర్ మీద దానికీ గీత పడాలి. ఇంట్లోవాళ్ళతో ముందే ఒక మాట అనుకోండి. "ఏం లేదులే, బాగానే ఉన్నావు" అని ప్రతిసారీ చెప్పడం వాళ్ళకు తేలిక, కానీ అదే రోగాన్ని మేపుతుంది. కసరడమూ వద్దు. "మనం చూసేది 8 గంటలకు కదా, అప్పుడు చూద్దాం. ఈలోగా రా, మేడ మీద కాసేపు నడుద్దాం" అంటే చాలు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరూ ఒకేలా అనాలి, ఒకరు అని ఇంకొకరు వెంటనే నుదురు పట్టి చూస్తే పని చెడుతుంది.

సర్ఫు నీళ్ళలో కూరగాయలు వెంటనే మానేయండి, శానిటైజర్ కూడా వద్దు. అవి కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు. ధారగా పడే నీళ్ళలో చేత్తో రుద్ది కడిగితే సరిపోతుంది. ఈ వైరస్ ప్రధానంగా గాలిలో వ్యాపిస్తుంది. వస్తువులు ముట్టుకుంటే అంటుకునే అవకాశం సాధారణంగా 10 వేలలో ఒకటి కంటే తక్కువని అమెరికా సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. కాబట్టి పాల ప్యాకెట్ తుడవడం మీద పెట్టే శ్రమ కిటికీలు ఎదురెదురుగా తెరవడం మీద పెట్టండి. దగ్గుతున్నవాళ్ళకు వేరే గది, దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇద్దరికీ ఎన్95 మాస్కు, పెద్దవాళ్ళకు డాక్టర్ చెప్పిన టీకాలు. ఇవి నిజంగా కాపాడేవి.

కషాయం గురించి కూడా చెప్పాలి. మిరియాలు, శొంఠి, దాల్చినచెక్క దట్టించి పరగడుపున రెండు గ్లాసులు తాగితే కొందరికి ఛాతీలో మంట, గొంతులో పట్టేసినట్టు ఉంటుంది. ఆ మంటను ఊపిరితిత్తుల జబ్బు అనుకుని భయపడి మళ్ళీ కషాయం కాస్తారు. ఇలా తిరిగే చక్రం చాలా ఇళ్ళలో ఉంది. రుచికి తాగాలనుకుంటే పలచగా, తిన్న తర్వాత. వేడి గిన్నె మీదకు వంగి ఆవిరి పట్టడంలో ఒళ్ళు కాలిన కేసులు కరోనా కాలంలో కొల్లలు, పిల్లలకైతే అసలు వద్దు.

రాత్రుళ్ళు ఆలోచనలు ఆగడం లేదన్నారు. "ఆలోచించొద్దు" అనుకుంటే ఆగవు. వాటికి ఒక టైం ఇవ్వండి. సాయంత్రం 5:30 నుంచి 20 నిమిషాలు, రోజూ అదే కుర్చీలో, నోట్‌బుక్ పెన్నుతో. పేజీకి మధ్యలో గీత కొట్టి ఎడమవైపు భయాన్ని పూర్తి వాక్యంగా రాయండి. "కరోనా" అని రాస్తే చాలదు, "మామగారికి మళ్ళీ వస్తే బెడ్ దొరకదు" అని రాయాలి. కుడివైపు ఈ వారంలో చేయగలిగిన ఒక పని. "ఆయన పాత డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ ఫోటోలు తీసి భర్త ఫోన్లో కూడా పెట్టాలి." చేయగలిగింది ఏదీ లేకపోతే కుడివైపు ఖాళీగా వదిలేయండి. ఖాళీలు ఎక్కువ ఉంటాయి, ఉండనివ్వండి. మిగతా వేళల్లో భయం తలెత్తితే చిన్న చీటీ మీద ఒక మాట రాసి 5:30కి వాయిదా వేయండి. సాయంత్రం తీసి చూస్తే సగం చీటీలకు వేడి తగ్గిపోయి ఉంటుంది. పక్క మీద పడుకుని ఈ పని చేయొద్దు, పడుకునే వేళకు కనీసం మూడు గంటల ముందు ముగించాలి.

నిద్రకు సంబంధించి పెద్ద పథకాలు అక్కర్లేదు. ఎప్పుడు పడుకున్నా పొద్దున లేచే టైం ఒకటే ఉండాలి. మధ్యాహ్నం 2 తర్వాత కాఫీ, టీ వద్దు. పడుకున్నాక ఇరవై నిమిషాలకీ నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చాకే మళ్ళీ పక్క మీదకు.

వార్తలు రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, చదివేవే కానీ చూసేవి వద్దు. అపార్ట్‌మెంట్ గ్రూపు మ్యూట్ చేయండి. కేసుల సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఎన్ని టెస్టులకు ఎన్ని పాజిటివ్, ఎంతమంది ఆసుపత్రిలో చేరారు అన్నది రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలు ఇచ్చినప్పుడు వాటిలో చూడండి.

ఆసుపత్రి వైపు వెళ్ళలేకపోవడం వేరే చిక్కు, దీన్ని వదిలేస్తే ముదురుతుంది. అసలైన అవసరం వచ్చినప్పుడు కూడా వెళ్ళలేని పరిస్థితి వస్తుంది. దీనికి మెట్ల పద్ధతి ఉంది. భయాన్ని సున్నా నుంచి పది వరకు మార్కులతో కొలిచి, మూడు మార్కులు వచ్చే పనితో మొదలుపెడతారు. మీకైతే ఇలా ఉండొచ్చు: పాత ఆసుపత్రి ఫైలు తెరిచి చదవడం 3, అంబులెన్స్ సైరన్ రికార్డింగ్ వినడం 4, ఆసుపత్రి ఎదురుగా రోడ్డుకు ఇవతల నిలబడడం 5, లోపల ఓపీ దగ్గర కుర్చీలో కూర్చోవడం 7, ఆయన్ను ఉంచిన వార్డు ఉన్న అంతస్తుకు వెళ్ళడం 9. ఒక్కో మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా ఉండాలి, మామూలుగా అరగంట నుంచి ముప్పావుగంట. భయం పైన ఉన్నప్పుడే పారిపోయి వస్తే "వచ్చేశాను కాబట్టి బతికాను" అనే పాఠం గట్టిపడుతుంది. ఒకే మెట్టు వారంలో నాలుగైదుసార్లు చేసి రెండుకు దిగాక పైమెట్టు. ఫోన్ చూస్తూ, దేవుడి పేరు జపిస్తూ కళ్ళు మూసుకుని గడిపితే లెక్కలోకి రాదు, చుట్టూ చూడాలి. ఆ రాత్రి దృశ్యాలు కళ్ళ ముందు మళ్ళీ జరుగుతున్నట్టే కనబడుతున్నా, పీడకలలు వస్తున్నా మాత్రం ఒంటరిగా చేయొద్దు, క్లినికల్ సైకాలజిస్ట్ పక్కన ఉండాలి.

అన్నీ మనసు మీదకు నెట్టేయకండి కూడా. థైరాయిడ్ ఎక్కువైనా, హీమోగ్లోబిన్ తగ్గినా గుండెదడ, వణుకు వస్తాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), సీబీసీ (హీమోగ్లోబిన్, రక్తకణాలకు), షుగర్ పరీక్షలు ఒకసారి చేయించండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు వాడుతున్న రోజుల్లో నిద్ర పట్టకపోవడం, చికాకు, ఆందోళన మామూలు. ఆక్సిజన్ అవసరం లేని కోవిడ్‌కి ఆ మాత్రలతో లాభం లేదు, పాత చీటీ చూపించి కొని వేసుకోవద్దు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్, నెబ్యులైజర్ తర్వాత కాసేపు చేతులు వణకడం, గుండె వేగం పెరగడం మందు గుణమే. కోవిడ్ తగ్గాక కొందరికి పడుకున్నప్పుడు నాడి 75 ఉండి, లేచి నిలబడిన పది నిమిషాల్లోపు 30 పాయింట్లో, అంతకంటే ఎక్కువో పెరుగుతుంది. దాన్ని "నీ భయం" అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. పడుకుని ఒకసారి, నిలబడ్డాక 2, 5, 10 నిమిషాలకు నాడి రాసుకెళ్ళి ఫిజీషియన్‌కి చూపించండి.

సొంతంగా ఎంతవరకు చూసుకోవచ్చు? ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల పట్టిక ఉంది, గత రెండు వారాల గురించి అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. 10 వచ్చినా, లేదా అంకె ఎంతున్నా వంట, ఉద్యోగం, పిల్లల పని ఆగిపోతున్నా సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రలైన్ లాంటి మందులు రాస్తే గుణం కనబడడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం పది రోజులు కడుపులో తిప్పడం, దడ కాస్త ఎక్కువ అనిపించవచ్చు. బాగుందని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ఆల్‌ప్రజోలామ్ అనే మత్తు మాత్ర విషయంలో నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. అరగంటలో హాయిగా ఉంటుంది, కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది, ఊపిరి సమస్య ఉన్నప్పుడు, మద్యం తాగినప్పుడు ప్రమాదం. డాక్టర్ కొద్ది రోజులకని రాస్తే ఆ కొద్ది రోజులే.

బయటికి వెళ్ళలేకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ-మానస్ ఉంది. 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. "పిచ్చాసుపత్రి" అని మొహమాటపడేవాళ్ళకు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఇంట్లో ఎవరైనా "బతకాలని లేదు" అంటే రేపటిదాకా ఆగొద్దు. ఆ రోజే ఫోన్ చేయండి, మాత్రలు, పురుగుమందు తాళం వేసి పెట్టండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు.

చివరిగా, ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఫ్యామిలీ డాక్టర్ నంబరు. 94 కిందకు వస్తే ఎవరికి ఫోన్, 90 కిందకు వస్తే ఏ ఆసుపత్రి, అది కాకపోతే రెండోది ఏది. కారు ఎవరు తీస్తారు, పిల్లలు ఎవరింట్లో ఉంటారు. మామగారు రోజూ వేసుకునే మందులు మోతాదుతో సహా, పడని మందులు. ఆరోగ్యశ్రీ కార్డు, ఇన్సూరెన్స్ కాగితాలు, ఆధార్ జిరాక్సులు ఏ కవరులో ఉన్నాయి. రాయడం మీరు, ఫోన్ నంబర్లు ఒకసారి మోగించి చూడడం మీ ఆయన. "బెడ్ దొరక్కపోతే?" అన్న ప్రశ్న మళ్ళీ వచ్చినప్పుడు జవాబు ఆ కాగితం మీద ఉంటుంది, దాన్ని చదివి పనిలోకి వెళ్ళండి.